కింది గదిలో కంచం

షామ్‌బర్గ్,
2025 జనవరి 21

వదినా,

నువ్వు క్షేమమా అని అడగడం లేదు. నేను క్షేమమా అని నువ్వూ అడక్కు. ఆ మాట వింటేనే ఈమధ్య నాకు వాంతికొస్తోంది.

ఫోను చెయ్యకుండా ఈ కాగితం ఏమిటి అనుకుంటున్నావు కదూ? ఇది హోంవర్కు. యాభై మూడేళ్ళదాన్ని, నాకు హోంవర్కు! ఇచ్చింది దియ అనే పిల్ల. మా కేన్సర్ హాస్పిటల్లో సైకాలజిస్టు. ఇక్కడే పుట్టిన తెలుగు పిల్ల. ముక్కుకి రింగు, కాళ్ళకి బూట్లు, నోట్లో మెలికలు తిరిగే తెలుగు. "ఆంటీ, మీరు తినలేదు ఎందుకు? భయం వస్తుందా, అసహ్యం వస్తుందా?" అంటుంది. నా పెళ్ళి పట్టుచీరకున్నంత వయసు లేదు దానికి. మొదటి రోజు "నీతో నాకేం మాటలమ్మా, వెళ్ళి చదువుకో" అన్నాను. నవ్వి, కుర్చీ ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

నాకున్నది అడ్జస్ట్‌మెంట్ డిజార్డర్ అట. పిచ్చి కాదుట. కేన్సర్ వచ్చాక మారిపోయిన బతుక్కి మనసు సర్దుకోలేక అవస్థ పడటంట. ఈ చక్రపాణి గారితో ముప్ఫై ఏళ్ళు కాపురం చేసినదాన్ని, నాకు అడ్జస్ట్ కావడం రాదని ఆ పిల్ల చెప్తే ఒళ్ళు ఎంత మండిందో నీకు తెలీదు.

సర్దుకోవలసింది ఏమిటో చెప్తాను విను. నవంబరులో పెద్దపేగు చివర కోసేసి, పొట్ట మీద కంత పెట్టి, దానికో సంచి అంటించారు. ఇక చచ్చేదాకా ఇంతే. వెనక నుంచి పోవలసింది ముందు నుంచి పోతోంది. నా కళ్ళ ముందే, వెచ్చగా, నా పొట్టకి ఆనుకుని. ఛీ! నర్సు ఒకావిడ దానికో ముద్దుపేరు పెట్టుకోమంది, చాలామంది పెట్టుకుంటారట. ఏం, బారసాల కూడా చెయ్యమంటుందా?

గుడిలో మడి కట్టుకుని రెండొందల మందికి పులిహోర కలిపిన చేతులివి. ఇప్పుడు వంటింట్లోకే అడుగు పెట్టడం లేదు. బేస్‌మెంట్‌లోకి మారిపోయాను. నా కంచం వేరు, గ్లాసు వేరు, పక్క వేరు. ఎవరూ పెట్టలేదు, నేనే పెట్టుకున్నాను. తింటే సంచి నిండుతుంది, తినకపోతే నిండదు. అందుకని తిండి తగ్గించేశాను. ఇందులో సైకాలజీ ఏముందో నాకు అర్థం కాదు.

నూట ముప్ఫై పౌన్లు ఉండేదాన్ని, నూట ఎనిమిదికి దిగాను. నూరు దాటి కిందికి దిగితే కీమో ఆపేస్తానని డాక్టరు తెగేసి చెప్పాడు. ఇంకా తొమ్మిది విడతలు ఉన్నాయి. ఆపేస్తే మిగిలిన జబ్బు ఊరుకుంటుందా? అన్నీ తెలుసు నాకు. అయినా ముద్ద నోటి దాకా రాదు.

నిన్న దియ అడిగింది, "మీరు పైకెళ్ళి అందరితో టేబుల్ దగ్గర కూర్చుంటే ఏం అవుతుంది?" అని. అందరూ లేచి వెళ్ళిపోతారన్నాను. "ఎవరైనా వెళ్ళారా?" అంది. మా వదిన వెళ్ళిందన్నాను. "ఎందుకో అడిగారా?" అంది.

అందుకే అడుగుతున్నాను. థాంక్స్‌గివింగ్‌కి పది రోజులుంటానని వచ్చి నాలుగో రోజే వెళ్ళిపోయావు. వెళ్ళేముందు పైన సింకులో నువ్వు భళ్ళున కక్కుకున్న చప్పుడు కిందికి వినిపించింది. నా కంపుకేనా? ఫోనులో చెప్పొద్దు. ఫోనులో నువ్వు గొంతుకి బెల్లం రాసుకుంటావు. కాగితం మీద రాయి.

నీ ఆడపడుచు, ప్రస్తుతం బేస్‌మెంట్ వాసి,
దమయంతి


శాన్ రామన్,
జనవరి 29

ప్రియమైన దమయంతికి,

నీ ఉత్తరం చూసి ఎంత సంతోషించానో! చేతిరాత చూసి ఎన్నేళ్ళయిందో! నీ "ళ" ఇప్పటికీ అలాగే గుండ్రంగా ఉంది. మీ అన్నయ్య కూడా చూసి "మా చెల్లి ఫైటర్" అని మురిసిపోయారు. ఆయన ఇప్పుడు కొత్తగా జ్యూసర్ కొన్నారులే. పొద్దున్నే కాకరకాయ, పాలకూర, పచ్చి పసుపు కలిపి తిప్పి, ఆ ఆకుపచ్చ బురద నాచేత తాగిస్తున్నారు. కళ్ళు మూసుకుని మింగుతున్నాను. నీకూ పంపిస్తానంటే నేనే ఆపాను.

నువ్వు అడిగినదానికి వస్తాను. పిచ్చిదానా, కంపేమిటి? నాకేం వాసనా రాలేదు. మా చిన్నమ్మాయి ఇషితకి నూట మూడు జ్వరమని మీ అన్నయ్య ఫోను చేస్తే పరిగెత్తుకొచ్చేశాను. టీనేజి పిల్లయినా నాకు పసిదే కదా. వాంతి అంటావా, విమానంలో తిన్న గడ్డి పడలేదు. అంతే. నువ్వు లేనిపోనివి ఊహించుకుని తిండి మానెయ్యకు. అంతా మన మనసులోనే ఉంది. పాజిటివ్‌గా ఉండు.

వేరేగా ఒక పెట్టె పంపాను. వాసన కొవ్వొత్తులు, మల్లె, గంధం. సాయంత్రం వెలిగించుకుని కళ్ళు మూసుకో, మనసుకి హాయిగా ఉంటుంది. పళ్ళెం నిండా అన్నం పెట్టుకుని తింటానని మాటివ్వు.

ప్రేమతో,
వదిన


షామ్‌బర్గ్,
ఫిబ్రవరి 6

విజయశ్రీ గారికి,

కొవ్వొత్తులు అందాయి. కంపు కొడుతున్నావని చెప్పడానికి నాలుగు డాలర్ల కార్డు చాలేది. పన్నెండు కొవ్వొత్తులా!

ఇక్కడ మీ అన్నయ్యగారు, అదే మా చక్రపాణి గారు, ఇప్పటికే ఇంట్లో ప్రతి ప్లగ్గుకీ ఒక లావెండర్ డబ్బా తగిలించారు. నేను మెట్లెక్కుతున్న చప్పుడు వినపడితే చాలు, ముందే గాల్లో స్ప్రే కొడతారు. నాకేం అనరు, పాపం. "ఆ విషయం" అంటారు. "ఆ విషయం మార్చావా? ఆ విషయం సరిగ్గా ఉందా?" అని. బయటివాళ్ళకి నాది గాల్ బ్లాడర్ ఆపరేషన్ అని చెప్పారు. గుడి నాగమల్లేశ్వరికి మాత్రం ఎలాగో తెలిసిపోయింది. వారానికోసారి వచ్చి, మెట్ల మీదే కూర్చుని, "అసలేం తెలీడం లేదు దమయంతీ, నిజంగా, ఏ వాసనా లేదు" అంటుంది. నోటితో గాలి పీలుస్తూ అంటుంది. నేను చూడననుకుంటుంది కాబోలు.

నాకు రోత పుట్టేది సంచి ఒక్కదాని మీదే కాదు వదినా. ఈ మొహాలు చూస్తే ఇంకా రోత. అందరూ నా ముందు ముక్కులేని మనుషుల్లా నటిస్తున్నారు. నువ్వొక్కదానివి నటించవనుకున్నాను. నా అత్తగారిని చూసి "ఈవిడ చనిపోతే ఇల్లు గాలాడుతుంది" అని అందరి ముందూ అన్న మనిషివి.

ఇషితకి నూట మూడు జ్వరమా? నవంబరు ముప్ఫయ్యో తారీఖున అది ఐస్ స్కేటింగ్ చేస్తున్న ఫోటోలు మా అన్నయ్యే ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. ఎర్ర మఫ్లర్, బుగ్గల నిండా నవ్వు. జ్వరమొచ్చిన పిల్లని ఐసు మీదికి తోలారా మీరు?

దియకి నీ ఉత్తరం చదివి వినిపించాను. "ఆమె నిజం చెప్పింది అనుకుంటున్నారా?" అంది. లేదన్నాను. "మీకు నిజం కావాలా, లేకపోతే మంచి మాట కావాలా?" అంది. ఆ ప్రశ్న మటుకు బాగుంది. నిజమే కావాలన్నాను. మళ్ళీ రాయి.

నూట అయిదు. కీమో పడిన రెండు రోజులూ చల్లనిది ముట్టుకుంటే వేళ్ళలో సూదులు గుచ్చుకుంటున్నాయి, నోట్లో ఇనప రుచి. అది ఒక వంకగా దొరికింది తినకపోవడానికి.

దమయంతి


శాన్ రామన్,
ఫిబ్రవరి 13

దమయంతీ,

తప్పయింది. ఇషిత జ్వరం అబద్ధం. నువ్వు బాధపడతావని అలా రాశాను. నిజం ఏమిటంటే ఆ రోజు వాంతి అయ్యేసరికి నాకేదో కడుపు ఇన్‌ఫెక్షన్ అని భయం వేసింది. ఆపరేషనైన మనిషివి, నీకు అంటుకుంటే ఇంకేమైనా ఉందా? అందుకని వెంటనే టికెట్ మార్పించి వచ్చేశాను. ఎయిర్‌పోర్టులో కూడా మాస్కు తియ్యలేదు తెలుసా? నీ మంచికేనమ్మా.

కొవ్వొత్తుల మాట నువ్వలా అర్థం చేసుకుంటావని కలలో కూడా అనుకోలేదు. వాటిని బయట పారెయ్యి. మీ అన్నయ్య కూడా నన్ను చీవాట్లు పెట్టారు.

నూట అయిదా? దమయంతీ, పుణ్యముంటుంది, తిను. నా మీద కోపం అన్నం మీద చూపించకు.

వదిన


షామ్‌బర్గ్,
ఫిబ్రవరి 21

విజయశ్రీ గారూ,

మొన్న నాగమల్లేశ్వరి వచ్చింది. మాటల్లో "మీ వదిన ఎంత మంచిదో, మా ఇంట్లో ఉన్న రెండ్రోజులూ ఒక్క పని ముట్టుకోనివ్వలేదు నన్ను" అంది. అనేసి నాలిక కరుచుకుంది.

అంటే నాకు అంటుకుంటుందని భయపడి, మాస్కు పెట్టుకుని విమానం ఎక్కిన మనిషి, నా ఇంటికి మూడు మైళ్ళ దూరంలో నాగమల్లేశ్వరి ఇంట్లో రెండు రోజులు కూర్చుని, ఆవిడ వంటింట్లో దోసెలు పోసి పెట్టిందన్నమాట. ఊళ్ళోనే ఉన్నావు. నా గోడలు దాటి వేరే గోడల మధ్య ఉంటే చాలు, అంతే కదా? పాపం, విమానం దొరికేదాకా కూడా భరించలేకపోయావు.

ఛీ. నీ మీద కాదు, నా మీద నాకే. నిజం కావాలని అడుక్కున్నాను చూడు, అందుకు.

దియతో కూడా చెప్పేశాను. చూశావా, నేను అనుకున్నదే నిజం, నీ పరీక్షలూ నీ కాగితాలూ నీ దగ్గరే పెట్టుకో అన్నాను. అది వాదించలేదు. "మీకు చాలా బాధ వచ్చింది, ఆంటీ" అని ఊరుకుంది. వాదిస్తే బాగుండేది, కాస్త తిట్టుకోవడానికి ఉండేది.

మూడు రోజులుగా మజ్జిగ తప్ప ఏమీ తాగలేదు. సంచి పరిశుభ్రంగా ఉంది. నాకు హాయిగా ఉంది. తూకం నూట రెండు. డాక్టరు మార్చి నెలాఖరు దాకా చూస్తానన్నాడు.

ఇక రాయను. నువ్వూ రాయకు.

దమయంతి


శాన్ రామన్,
మార్చి 1

దమయంతీ,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. చదివి చింపెయ్యి, లేదా ఆ పిల్ల దియకి ఇచ్చెయ్యి. కానీ ముందు చదువు.

వాసన వచ్చింది. అబద్ధమెందుకు, వచ్చింది. లావెండర్‌తో కలిసి మరీ దరిద్రంగా ఉంది. మొదటి రోజు నాకూ కడుపు తిప్పింది. కానీ రెండో రోజుకి అలవాటైపోయింది. ఇద్దరు పిల్లల్ని పెంచాను, మా నాన్నకి ఆఖరి ఆర్నెల్లూ అన్నీ నేనే చేశాను. కంపుకి పారిపోయే మనిషిని కాను. నేను వెళ్ళిపోయింది దానికి కాదు.

హెర్న్‌డన్ గుర్తుందా? 1998. మీరిద్దరూ, మేమిద్దరం, ఒక్క బెడ్రూం అపార్ట్‌మెంట్. మీ అన్నయ్యకి అక్కడ కొత్తగా ఉద్యోగం, మాకు ఇల్లు దొరికేదాకా ఆరు నెలలు మీ దగ్గరే ఉన్నాం. నెలకి మూడు రోజులు నువ్వు నన్ను బయట కూర్చోబెట్టేదానివి. అమెరికాలో "బయట" ఎక్కడుంది? బాల్కనీ గాజు తలుపు పక్కన ఒక చాప వేశావు. డిసెంబరు. తలుపు సందులోంచి చలి కత్తిలా వచ్చేది. నేను ఎమ్మెస్సీ చదివినదాన్ని, ఇరవై ఏడేళ్ళదాన్ని, ఆ చాప మీద కూర్చునేదాన్ని. మగవాళ్ళు టీవీ చూస్తుండేవారు, అటు తిరిగేవారు కాదు. నువ్వు నా కంచం నేల మీద పెట్టి, కాలి బొటనవేలితో నా వైపు నెట్టేదానివి. ఆ గోటికి ఎర్ర రంగు ఉండేది. నేను ఆ అన్నం తినేదాన్ని. ఆకలేసేది మరి.

ఇరవై ఏడేళ్ళు ఆ మాట ఎత్తలేదు. నీతో వేళాకోళాలు ఆడాను, నీ పులిహోర పొగిడాను, పండగలకి చీరలు ఇచ్చి పుచ్చుకున్నాను. మర్చిపోయాననే అనుకున్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం నీకు చారన్నం తెచ్చాను. రెండు ముద్దలు తిన్నావు. నేను కంచం తీసుకోబోతే "ముట్టుకోకు, మైల" అని, నేల మీద పెట్టి, కాలితో నా వైపు నెట్టావు. నీకు గుర్తు కూడా ఉండి ఉండదు. ఆ కంచం వస్తూ వస్తూ ఉండగా నా లోపల ఎవరో "బాగా అయింది" అన్నారు. బిగ్గరగా అన్నారు దమయంతీ. నీ ఎముకలు తేలిన కాలు చూస్తూ, నువ్వు బతుకుతావో లేదో తెలియకుండా, నాకు కడుపు చల్లబడింది. ఒక్క క్షణమే. కానీ ఎంత హాయిగా ఉందో! పైకి పరిగెత్తి సింకులో కక్కుకున్నాను. నా మీద నాకు పుట్టిన రోతకి కక్కుకున్నాను.

ఇక నీ మొహం చూడలేకపోయాను. పండగ వారం, రెండు రోజుల దాకా టికెట్ దొరకలేదు. నాగమల్లేశ్వరి ఇంట్లో కూర్చుని, నిద్ర పట్టక దోసెలు పోశాను.

నీ జబ్బు చూసి సంతోషించిన మనిషిని నేను. నిజం కావాలన్నావు కదా. ఇదీ.

విజయశ్రీ


షామ్‌బర్గ్,
మార్చి 10

వదినా,

నీ ఉత్తరం వచ్చిన రోజు ఏం చేశానో చెప్తాను. మొదట "అబద్ధం, నేను అలా ఎప్పుడూ చెయ్యలేదు" అని రాద్దామని కూర్చున్నాను. కాగితం మీద తారీఖు వేశాను. అక్కడే పెన్ను ఆగిపోయింది. ఎందుకంటే గుర్తుంది. చాప గుర్తుంది, దాని అంచు నీలం రంగు. ఆ గోటి రంగు కూడా నిజమే, ఇండియన్ స్టోరులో కొన్నాను.

తర్వాత కోపం వచ్చింది. రాదా మరి? చావు అంచున ఉన్నదాన్ని చూసి కడుపు చల్లబడిందా నీకు! ఆ రోజంతా నిన్ను నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను, పైకే తిట్టాను, చక్రపాణి గారు స్ప్రే పట్టుకుని మెట్ల మీద బిత్తరపోయి నిలబడ్డారు. మర్నాడూ తిట్టాను. మూడో రోజు పొద్దున్న లేచేసరికి ఆకలేసింది. నిజమైన ఆకలి వదినా, కడుపులోంచి పుట్టుకొచ్చిన ఆకలి. నాలుగు నెలల తర్వాత. ఎందుకు వచ్చిందో నాకు తెలీదు. రెండు ఇడ్లీలు తిన్నాను, నిలబడే.

ఉత్తరం దియ దగ్గరికి తీసుకెళ్ళాను. తెలుగు చదవడం రాదు దానికి, నేనే చదివాను. మధ్యలో ఆపి "మైల అంటే?" అంది. ఎలా చెప్పను? మడి, మైల, బయట చేరడం, ముట్టు మూడు రోజులూ అంటూ అరగంట చెప్పాను. చెప్తూ చెప్తూ దాని మొహం చూశాను. ఇన్నాళ్ళుగా నా సంచి గురించి, రంగు గురించి, కారిపోయిన రాత్రుల గురించి ఏం చెప్పినా కనుబొమ్మ కదపని పిల్ల. ఆ వేళ దాని మొహంలో అసహ్యం కనపడింది. సంచిని చూసి కాదు, నన్ను చూసి. "సారీ ఆంటీ, ఒక్క మినిట్" అని లేచి నీళ్ళు తాగి వచ్చింది.

వచ్చాక అడిగింది, "ఆ రోజుల్లో మీ వదినని చూస్తే మీకు ఏం వచ్చేది? దేవుడి రూల్ వచ్చేదా, అసహ్యం వచ్చేదా?" అని. పొడిచినట్టయింది. ఇన్నేళ్ళూ శాస్త్రం, ఆచారం అనే చెప్పుకున్నాను. కాదు వదినా. అసహ్యమే. నువ్వు ఆ మూలన కూర్చుంటే నాకు ముద్ద దిగేది కాదు. నెత్తురంటే రోత, ఆ వాసన వస్తోందని నాకు నేనే అనుకునేదాన్ని. రానేరాదు, అయినా అనుకునేదాన్ని. మా అమ్మ నాకు పదమూడేళ్ళప్పుడు అలాగే పెట్టింది, పశువుల కొట్టం పక్కన. అప్పుడు ఎంత ఏడ్చానో! ఏడ్చినదాన్నే, చేతికి అవకాశం వచ్చేసరికి నీకు పెట్టాను. ఇప్పుడు పెట్టడానికి ఎవరూ లేరు కాబట్టి నాకు నేనే పెట్టుకుంటున్నాను.

"ఆ రూల్ మీద మీకు ఇంకా నమ్మకం ఉందా?" అంది దియ. నీ విషయంలో లేదన్నాను. "మీ విషయంలో?" అంది. ఉత్తరం మడిచి కవర్లో పెట్టుకున్నాను.

నిన్ను క్షమించమని అడగను. అడిగితే నువ్వు ఫోను గొంతుతో "అయ్యో, అదేం మాట" అంటావు. నాకు అది వద్దు. చేసిన పని రోత పని. అంతే. నువ్వు అనుకున్నదీ రోతే. అదీ అంతే.

ఇప్పుడు దియ పెట్టిన పరీక్ష ఒకటుంది. పై అంతస్తులో, భోజనాల బల్ల దగ్గర, మనుషులతో కలిసి ఒక పూట భోజనం చెయ్యాలి. ఎంతమంది లేచి వెళ్ళిపోతారో లెక్కపెట్టి దానికి చెప్పాలి. అందరూ వెళ్ళిపోతారని నా పందెం. మార్చి ఇరవై రెండు, శనివారం సాయంత్రం. చక్రపాణి గారు ఉంటారు, నాగమల్లేశ్వరిని పిలిచాను. నాలుగో కుర్చీ నీది. ఆ తర్వాత నాలుగు రోజులకే నాకు తూకం చూస్తారు. ఇవ్వాళ నూటొకటి. ఒక్క పౌను మిగిలింది నా చేతిలో.

వస్తావా? రాకపోయినా ఏమీ అనుకోను అని రాయాలి. రాయను. అనుకుంటాను.

దమయంతి


శాన్ రామన్,
మార్చి 25

దమయంతీ,

విమానంలోనే రాయడం మొదలుపెట్టాను. మూడు కాగితాలు చింపాను. ఏ మొహం పెట్టుకుని రాయను?

నువ్వు బల్ల దగ్గరికి ఎంత నెమ్మదిగా వచ్చావో చూశాను. బులుగు చీర, దాని మీద శాలువా. కుర్చీ వెనక్కి లాగడానికి కూడా భయపడుతున్నావు. ముద్దపప్పు, వంకాయ కూర, చారు పెట్టాను. నువ్వు ముద్ద కలిపావు, ఒకటి, రెండు, మూడు. నేను నీ వైపు చూడకుండానే లెక్కపెడుతున్నాను. అంతా బాగానే ఉంది. నాగమల్లేశ్వరి ఏదో గుడి కబుర్లు చెప్తోంది.

అప్పుడు మోగింది. శాలువా కిందనుంచి అంత పెద్ద చప్పుడు, బర్రుమని, ఆగకుండా. దాన్ని బిగబట్టుకునే కండ నీకు లేదని ఆ రాత్రి అన్నయ్యగారు చెప్పారు. ఆ క్షణంలో నాకేం తెలీదు. నాగమల్లేశ్వరి పైకప్పు చూసింది. అన్నయ్యగారు చారులో గరిటె తిప్పుతూనే ఉన్నారు. ఎవరికీ ఏమీ వినపడనట్టు. నేను మాత్రం నోరు తెరిచి "ఛీ! ఛీ! తినేటప్పుడా, దమయంతీ!" అని అరిచాను. అరిచాను! ఇన్ని ఉత్తరాలు రాసుకుని, అంత దూరం వచ్చి, నా నోట్లోంచి వచ్చిన మాట అది. నా గొంతు నాకే వినిపించి, లేచి వంటింట్లోకి పారిపోయి, ఇంకేం వినపడకుండా కుళాయి పూర్తిగా తిప్పేశాను. గోడకి తల కొట్టుకున్నాను. చాలాసేపటి తర్వాత వచ్చేసరికి బల్ల ఖాళీ, నువ్వు కిందికి వెళ్ళిపోయి తలుపు వేసుకున్నావు. పొద్దున ఆరింటికి నాకు విమానం, నిన్ను లేపే ధైర్యం లేకపోయింది. అన్నయ్యగారు కారులో ఒక్క మాట మాట్లాడలేదు.

ఒకే ఒక్క మనిషి లేచి వెళ్ళిపోయింది, అది నేను. నువ్వు పందెం గెలిచినట్టే. నా నోరు పడిపోను!

మళ్ళీ తిండి మానేశావేమో అని నాకు ముద్ద దిగడం లేదు. రేపు తూకం కదా. ఎంత ఉన్నా సరే, ఒక్క ముక్క రాయి. తిట్టి రాసినా సరే.

విజయశ్రీ


షామ్‌బర్గ్,
ఏప్రిల్ 2

ఓ గోల వదినా,

నూట నాలుగు. రాసుకో. మొన్న బుధవారం ఏడో విడత ఎక్కించారు, ఆపలేదు. డాక్టరు రెండుసార్లు తూకం చూశాడు, నేను జేబుల్లో ఏమైనా పెట్టుకున్నానేమో అన్నట్టు.

తలుపు వేసుకున్నది ఏడవడానికి కాదే, కీమో మనిషిని, తిన్నాక కళ్ళు మూతలు పడ్డాయి. నువ్వు వంటింట్లో గోడతో మాట్లాడుకుంటున్నావని తెలిస్తే వచ్చేదాన్నే. చక్రపాణి గారు కారులో మాట్లాడకపోవడానికీ కారణం వేరే. ఆ సాయంత్రం లావెండర్ డబ్బాలన్నీ పీకించి చెత్తలో వేయించాను. ఆయనకి నామీద కోపం, నీమీద కాదు.

ఆ చప్పుడయ్యాక ఏం జరిగిందో నువ్వు చూడలేదు. నాకు ప్రాణం చచ్చిపోయింది. భూమిలోకి కుంగిపోయానంటే నమ్ము. నాగమల్లేశ్వరి పైకి చూస్తోంది, ఈయన గరిటె తిప్పుతున్నారు, ఇద్దరికీ ఒక్కసారిగా చెవులు పోయాయి. ఆ మౌనంలో కంచం కిందికి తీసుకెళ్ళిపోదామని చెయ్యి పెట్టాను. అప్పుడు నువ్వు "ఛీ" అన్నావు. హోరుమని, నోరారా, ఇదివరకు నేను నీ కాఫీలో పంచదార ఎక్కువ వేస్తే అరిచేదానివే, సరిగ్గా అలాగే. అయిదు నెలల్లో నాతో ఒక మనిషి మాట్లాడింది అప్పుడేనే వదినా. నాకు నవ్వొచ్చింది. ముక్కులోకి చారు ఎక్కేదాకా నవ్వాను. నాగమల్లేశ్వరి హడలిపోయింది.

నిన్న దియ కాగితం తీసి అడిగింది, "ఎంతమంది లేచి వెళ్ళారు, ఆంటీ?" అని. ఒకరు వెళ్ళారన్నాను. పాపం, దాని మొహం వాడిపోయింది. "అప్పుడు మీరు ఏం చేశారు?" అంది.

"రెండోసారి అన్నం పెట్టుకున్నాను" అన్నాను.

దమయంతి